క్రిమిరహిత శరీరానికి నా కార్యాచరణ ప్రణాళిక

సబ్బు అట్ట మీద, చేతులకు రాసుకునే ద్రవం సీసా మీద, నేల తుడిచే మందు డబ్బా మీద ఒకటే హామీ: 99.9 శాతం క్రిములు హతం. మిగిలిన 0.1 శాతాన్ని ఏ మొహమాటానికి వదిలేశారని ఇంతవరకూ ఒక్కరూ నిలదీయలేదు. ఆ బాధ్యత నేను తీసుకుంటున్నాను. సగంలో వదిలేసే పనులంటే నాకు గిట్టదు. మనిషి ఒంట్లో మనిషి తప్ప మరొకరు కాపురం ఉండకూడదన్నది నా డిమాండ్. పేగుల్లో, చర్మం మీద, నోట్లో, ముక్కులో, ఎక్కడున్నా సరే, ఖాళీ చేయాల్సిందే.

ఓటింగ్ పెట్టి తేల్చుకుందామని కొందరు మెతక మనుషులు అంటారు. ఆ పొరపాటు మాత్రం చేయొద్దు. 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు తేల్చిన లెక్క ప్రకారం 70 కిలోల మగమనిషిలో మానవ కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు. అంతకుముందు మనం ఒకరైతే వాళ్ళు పది మంది అని దశాబ్దాల తరబడి ప్రచారం సాగింది కాబట్టి, ఈ లెక్కతో కాస్త పరువు దక్కింది. కానీ మన పక్షాన ఉన్నవాటిలో ఎనభై శాతం పైగా ఎర్ర రక్తకణాలే. వాటికి కేంద్రకం కూడా ఉండదు. ఆక్సిజన్ మోయమంటే మోస్తాయి గానీ, చెయ్యెత్తమంటే ఎత్తుతాయన్న నమ్మకం నాకు లేదు. ఒక్క బరువులోనే మనది పైచేయి. వాళ్ళందరినీ కలిపి తూచినా 200 గ్రాములే. కాబట్టి తూకం ప్రకారం నా తీర్మానం నెగ్గినట్టు ప్రకటిస్తున్నాను.

మొదటి దాడి పెద్దపేగు మీద. జనాభాలో అత్యధికులు అక్కడే మకాం వేశారు. మనకు అరగని పీచును పులియబెట్టుకుని తింటున్నారు. దాన్ని విడగొట్టే ఎంజైములు మన దగ్గర లేకపోవడం చూసి అలుసుగా తీసుకున్నారన్నమాట. తిని ఊరుకున్నా బాగుండేది. బ్యూటిరేట్ అనే పదార్థం తయారుచేసి పేగు గోడ కణాలకు పెడుతున్నారు. ఆ కణాలు తమకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం దాని నుంచే తీసుకుంటాయి. అంటే మన సొంత కణాలే పరాయివాళ్ళ మామూళ్ళ మీద బతుకుతున్నాయి! వాళ్ళను వెళ్ళగొట్టాక ఆ గోడకు తిండి ఎవరు పెడతారన్న ప్రశ్నను ప్రణాళికలో 'తాత్కాలిక అసౌకర్యం' కింద నమోదు చేశాను.

నా ఆశయానికి అతి దగ్గరగా వచ్చిన మనిషి అప్పుడే పుట్టిన పసిబిడ్డ. పేగులు దాదాపు ఖాళీ. చూడముచ్చటైన పరిశుభ్రత. అంతలోనే ఎవరో వచ్చి తొడకు విటమిన్ కె సూది పొడుస్తారు. ఎందుకయ్యా అంటే, పుట్టేటప్పటికి ఒంట్లో ఆ విటమిన్ నిల్వలు తక్కువ, తల్లిపాలలోనూ తక్కువే, దాన్ని తయారుచేసే బాక్టీరియా ఇంకా పేగుల్లో కుదురుకోలేదు. అది చాలకపోతే రక్తం గడ్డకట్టదు, మెదడులో రక్తస్రావం కూడా జరగొచ్చు. సరే, సూది వేశారు. ఇకనైనా బిడ్డను శుభ్రంగా ఉంచుతారా అంటే, తల్లిపాలలోనే కుట్ర ఉంది. అందులోని ఘనపదార్థాల్లో లాక్టోజు, కొవ్వుల తరవాత మూడో స్థానం ఒలిగోసాకరైడ్లు అనే చక్కెరలది. వాటిని బిడ్డ అరిగించుకోలేదు. మరి ఎవరి కోసం? పసిబిడ్డ పేగుల్లో కాపురం పెట్టే బైఫిడోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల కోసం! కన్నతల్లే, బిడ్డ నోటి మీదుగా, ముక్కూమొహం తెలియనివాళ్ళకు క్యారేజీ పంపిస్తోంది. లక్షల ఏళ్ళుగా ఈ సరఫరా సాగుతుంటే పరిణామక్రమం కళ్ళు మూసుకుని కూర్చుంది. దీని మీద విచారణ జరిపించాలి.

క్రిమిరహిత జీవితం అసలు సాధ్యమేనా అని సందేహించేవాళ్ళకు ఎలుకలే జవాబు. వడకట్టిన గాలి, శుద్ధి చేసిన తిండి, మూసేసిన ప్లాస్టిక్ గది... ప్రయోగశాలల్లో వాటిని అలాగే పుట్టించి, అలాగే పెంచుతారు. హాయిగా బతుకుతాయి, ఆ గది తలుపు తీయనంతవరకు. వాటి రోగనిరోధక వ్యవస్థ సరిగా ఎదగదు. చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట ఉండే సంచి ఉబ్బిపోతుంది. తిండిలో విటమిన్ కె విడిగా కలపాలి. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో, సూక్ష్మజీవులున్న ఎలుకలు వీటికన్నా 29 శాతం తక్కువ తిని కూడా 42 శాతం ఎక్కువ కొవ్వు కూడబెట్టాయి. కాబట్టి బరువు తగ్గాలనుకునేవారికి నా పథకం బంపర్ ఆఫర్. జీవితాంతం ప్లాస్టిక్ బుడగలో కూర్చుంటే చాలు.

ఆయుధాల కొరత లేదు, యాంటీబయాటిక్స్ ఉన్నాయి. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాని మీద ఇవి పనిచేయవు. అయినా రెండు తుమ్ములకే కోర్సు మొదలుపెట్టేవాళ్ళున్నారు. వాళ్ళే నా ఉద్యమానికి అసలైన కార్యకర్తలు. ముక్కు కారుతుంటే పేగుల మీద బాంబులు వేయడానికి ఎంత నిబద్ధత ఉండాలి! చిక్కల్లా ఆ తరవాతే. ఖాళీ అయిన చోట కొందరిలో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా పాగా వేస్తుంది. ఆగని విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. మందుతో తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెడుతుంది. అలాంటి రోగుల మీద నెదర్లాండ్స్‌లో జరిపిన ప్రయోగం ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఆరోగ్యవంతుల మలాన్ని ద్రవంలో కలిపి, ముక్కులోంచి వేసిన గొట్టం ద్వారా రోగుల చిన్నపేగులోకి పంపారు. 16 మందిలో 15 మందికి నయమైంది, వారిలో ఇద్దరికి రెండోసారి ఎక్కించాల్సి వచ్చింది. వాన్‌కోమైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రమే ఇచ్చిన 13 మందిలో నయమైంది నలుగురికే. తేడా చూసి ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. శుభ్రత కోసం బయల్దేరినవాడు చివరికి ఇంకొకరి మలం కోసం ముక్కు చాచాల్సి రావడం నా ఉద్యమ చరిత్రలో కొంచెం ఇబ్బందికరమైన ఘట్టమే.

అలాగని వాళ్ళు సాధువులేం కారు. నా అభియోగపత్రంలో గట్టి కేసులూ ఉన్నాయి. చెమటకు తనంతట తనకు పెద్దగా వాసన ఉండదు, చంకలో కాపురమున్నవాళ్ళు దాన్ని విరగ్గొడితేనే ఆ కంపు. పేగులో బుద్ధిగా పనిచేసుకునే ఇ. కోలై మూత్రనాళంలోకి దారితప్పితే మంటపెడుతుంది. చర్మానికి కాపలా కాసే స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్, నరంలోకి వేసిన గొట్టం దొరికితే దాన్ని పట్టుకుని రక్తంలోకి దిగిపోతుంది. మనుషుల్లాగే, ఉన్నచోట ఉంటే మర్యాదస్థులు.

చేతులు కడుక్కోవడం మాత్రం నేను కూడా ఒప్పుకునే పని. అయితే అది ప్రధానంగా బయటినుంచి అంటుకొచ్చినవాళ్ళను దించేస్తుంది. స్థిరనివాసులు వెంట్రుకల కుదుళ్ళలో నక్కి, మనం తువ్వాలు ఆరేసేలోగా మళ్ళీ బయల్దేరతారు. పైగా 2016లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ట్రైక్లోసాన్ సహా 19 క్రిమినాశక రసాయనాలను మామూలు జనం వాడే సబ్బుల్లోంచి తీసేయమంది. ఉత్త సబ్బూ నీళ్ళకన్నా ఇవి మెరుగని తయారీదారులు చూపించలేకపోయారట! ఇదీ నా శిబిరం పరిస్థితి.

అయినా వెనక్కి తగ్గేది లేదు. వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళను తీసుకోవడానికి నోటిఫికేషన్ కూడా ఇచ్చేశాను. పని చేసే చోటు: పెద్దపేగు. వేళలు: రాత్రింబవళ్ళు, సెలవుల్లేవు. అర్హత: ఆక్సిజన్ లేకుండా బతకగలగాలి, పీచును ఆమ్లాలుగా మార్చాలి, విటమిన్లు తయారుచేయాలి, రోగనిరోధక వ్యవస్థకు తర్ఫీదు ఇవ్వాలి, రోగకారకాలు వస్తే చోటివ్వకూడదు. జీతం: మనకు అరగనిది. ఇప్పటివరకూ ఒక్కటే దరఖాస్తు అందింది. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ నుంచి. రేపే చేరతానంటోంది.