విదేశీ ఎంబీబీఎస్: లెక్క రిజిస్ట్రేషన్ దగ్గర నుంచి వెనక్కి వేయాలి

నీట్ ఫలితాలు వచ్చిన వారానికల్లా బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లకు కన్సల్టెన్సీల ఫోన్లు మొదలవుతాయి. "మీ అమ్మాయి క్వాలిఫై అయింది కదండీ, జార్జియాలో సీటు ఖాయం, డొనేషన్ లేదు, ఇక్కడి బీ కేటగిరీ మేనేజ్‌మెంట్ సీటుకయ్యే దాంట్లో సగం ఖర్చుతో డాక్టరైపోతుంది." క్వాలిఫై అవడం, సీటు దొరకడం, డొనేషన్ లేకపోవడం వరకూ నిజమే. తేడా అంతా చివరి మాటలో ఉంది. విదేశీ యూనివర్సిటీ ఇచ్చేది డిగ్రీ. ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే కావలసింది రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. ఈ రెండింటి మధ్య ఎన్నేళ్లు, ఎన్ని లక్షలు, ఎన్ని నిబంధనలు ఉన్నాయో చూడకుండా సీటు ఖరారు చేసుకోవడం పెద్ద పొరపాటు.

ముందు ఇక్కడి తలుపులన్నీ తట్టారా అన్నది చూడాలి. బెంగళూరు తెలుగు కుటుంబాలకు ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఉంది. కర్ణాటకలో ప్రభుత్వ కోటాకు ప్రధాన నిబంధన, ఒకటో తరగతి నుంచి సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది) లోపు కనీసం 7 ఏళ్లు రాష్ట్రంలో చదివి ఉండాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లోకల్ కావాలంటే ఇంటర్‌తో ముగిసే వరుస 4 ఏళ్లు అక్కడ చదవాలి. ఒంగోలు నుంచి పిల్ల ఎనిమిదో తరగతిలో ఉండగా ఇక్కడికి వచ్చిన కుటుంబాన్ని తీసుకోండి. ఇక్కడి చదువు 5 ఏళ్లే కాబట్టి కర్ణాటక లెక్కకు చాలదు. చివరి నాలుగేళ్లు అక్కడ చదవలేదు కాబట్టి ఆంధ్రలో లోకల్ కాదు. రెంటికీ చెడ్డ పరిస్థితి ఇది, కౌన్సెలింగ్ ఫారం నింపే రోజుదాకా చాలామందికి తెలియదు కూడా. అలాంటివాళ్లు కర్ణాటక పరీక్షల ప్రాధికార సంస్థ (కేఈఏ) కౌన్సెలింగ్ బ్రోచర్‌లో మినహాయింపు క్లాజులు, తెలుగు భాషా మైనారిటీ సీట్ల నిబంధనలు, ఇతర రాష్ట్రాలవాళ్లకు తెరిచి ఉన్న ప్రైవేటు సీట్ల వివరాలు ఒక్కొక్కటిగా చదవాలి. అవి చదవకముందే ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వకూడదు.

ఇక జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) నిబంధనలు. 2021 నవంబరు 18న నోటిఫై అయిన విదేశీ వైద్య పట్టభద్రుల నియమావళి ఈ విషయంలో మనకు ఆధారం. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. ఆపైన అదే విద్యాసంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. బోధన ఇంగ్లిష్‌లో ఉండాలి. చేరిన నాటి నుంచి 10 ఏళ్లలో అంతా పూర్తి కావాలి. ఇండియాకు వచ్చాక మరో 12 నెలల ఇంటర్న్‌షిప్ వేరే. అన్నిటికన్నా ముఖ్యమైన నిబంధన మరొకటి ఉంది, దాని గురించి మాత్రం ఏ బ్రోచరూ చెప్పదు. ఆ దేశ పౌరులతో సమానంగా అక్కడ ప్రాక్టీసు లైసెన్సు పొందే అర్హత మన విద్యార్థికీ ఉండాలి. "మనవాళ్లు ఎలాగూ అక్కడ ప్రాక్టీసు చేయరు కదా" అని ఏజెంటు తేలిగ్గా కొట్టిపారేసేది దీన్నే. అక్కడ ఉండిపోతామా లేదా అన్నది కాదు ప్రశ్న. అర్హత ఉందని కాగితం మీద చూపించాలి.

ఫిలిప్పీన్స్ అనుభవం ఈ నిబంధనల పదును చూపించింది. అక్కడ ముందు బీఎస్ అనే మామూలు డిగ్రీ, తర్వాత నాలుగేళ్ల ఎండీ (మన ఎంబీబీఎస్ లాంటిదే, పీజీ కాదు). బీఎస్ కాలాన్ని వైద్య కోర్సుగా లెక్కించనప్పుడు మిగిలేది 48 నెలలు. 54కి ఆరు నెలలు తక్కువ. మొత్తం ఐదారేళ్లు చదివినా ఈ కొరత అలాగే ఉండిపోతుంది. మరో మాట, ఎన్‌ఎంసీ విదేశీ కాలేజీలకు ఆమోదం ఇవ్వదు, ఆమోదిత జాబితా అంటూ ప్రచురించదు. కాబట్టి "ఎన్‌ఎంసీ అప్రూవ్డ్" అని ఫ్లెక్సీ మీద కనిపిస్తే ఆ కన్సల్టెన్సీ మిగతా మాటలను కూడా అదే అనుమానంతో చూడండి.

కోర్సు పూర్తయ్యాక వచ్చేది ఎఫ్‌ఎంజీఈ, అంటే విదేశాల్లో వైద్యం చదివినవాళ్లు ఇక్కడ రిజిస్ట్రేషన్ కోసం దాటవలసిన పరీక్ష. ఏడాదికి రెండుసార్లు, ఒకే రోజు రెండు భాగాలుగా 300 ప్రశ్నలు. పాసు మార్కు 150, నెగటివ్ మార్కులు లేవు. వినడానికి సులువు. ఉత్తీర్ణత చూస్తే 2024 జూన్ విడతలో సుమారు 21 శాతం, డిసెంబరు విడతలో 30 శాతానికి దగ్గర, 2025 జూన్‌లో 19 శాతం లోపు. పాత ఫెయిలైనవాళ్లు మళ్లీ మళ్లీ రాయడం వల్ల ఈ శాతం కొంత తగ్గి కనిపిస్తుందన్నది నిజమే. అయినా నూటికి డెబ్బై మందికి పైగా ఒక విడతలో దాటలేని పరీక్షను "మేం కోచింగ్ ఇప్పిస్తాం" అన్న మాటతో సరిపెట్టుకోలేం.

ఎందుకు ఫెయిలవుతున్నారు? బద్ధకం అనేది తొందరపాటు తీర్పు. ప్రశ్నపత్రం అల్లిక చూస్తే కారణం తెలుస్తుంది. కమ్యూనిటీ మెడిసిన్ నుంచే 30 ప్రశ్నలు. మన టీకాల షెడ్యూలు, మన క్షయ నిర్మూలన కార్యక్రమం, ఆశా కార్యకర్త విధులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం జనాభా లెక్క ఇవన్నీ అందులో ఉంటాయి. తాష్కెంట్‌లోనో, త్బిలిసిలోనో వీటిని ఎవరు చెబుతారు, ఎందుకు చెబుతారు? పాముకాటు, పురుగుమందు తాగిన కేసు, డెంగీ, మలేరియా మన జిల్లా ఆస్పత్రి క్యాజువాలిటీలో రోజూ కనిపిస్తాయి. చల్లని దేశపు వార్డులో ఆరేళ్లున్నా వాటిలో ఒక్కటీ కంటపడకపోవచ్చు. పుస్తకంలో చదివినదానికీ, రోగి నోటి నుంచి నురగ కారుతుంటే విరుగుడుగా అట్రోపిన్ ఎంత ఎక్కించాలో నిలబడి చూసినదానికీ పరీక్షలోనూ తేడా వస్తుంది, తర్వాత వైద్యంలోనూ వస్తుంది.

రెండో కారణం భాష. తరగతి గది ఇంగ్లిష్‌లో నడవొచ్చు, రోగి ఇంగ్లిష్‌లో మూలగడు. రష్యన్ మాట్లాడే ఆస్పత్రిలో మూడో ఏడాది విద్యార్థి "గ్దే బలీత్?", అంటే ఎక్కడ నొప్పి అని అడగడం నేర్చుకుంటాడు. ఆ పెద్దావిడ కడుపు పట్టుకుని రెండు నిమిషాలు చెప్పిన జవాబు మాత్రం అర్థం కాదు. నొప్పి ఎప్పుడు మొదలైంది, తిన్నాక పెరుగుతోందా, వీపులోకి పాకుతోందా అన్నవే రోగనిర్ధారణలో సగం. అవి అందని విద్యార్థి మంచం చివర నిలబడి, ప్రొఫెసరు రెండు ఇంగ్లిష్ వాక్యాల్లో చెప్పిన సారాంశం రాసుకుని బయటకు వస్తాడు. అలా మూడేళ్లు గడిస్తే చేతికి డిగ్రీ వస్తుంది, పనితనం రాదు. బంగ్లాదేశ్, నేపాల్ చదువులకు మన సిలబస్‌తో, జబ్బులతో పోలిక ఎక్కువ అనేది ఇందుకే. కానీ అక్కడ ఫీజు ఎక్కువ, పైగా 2024 జులైలో బంగ్లాదేశ్ అల్లర్లప్పుడు మన విద్యార్థులు సరిహద్దు దాటి ఇళ్లకు రావలసి వచ్చింది.

యుద్ధాలు, మహమ్మారులు అరుదు అని ఇక చెప్పలేం. 2020లో చైనా నుంచి వచ్చినవాళ్లు రెండేళ్లకు పైగా వెనక్కి వెళ్లలేకపోయారు. ఆన్‌లైన్ చదువు వల్ల పడిన క్లినికల్ లోటుకు ఇక్కడ అదనపు ఇంటర్న్‌షిప్ చేయవలసి వచ్చింది. 2022 మార్చి 1న ఉక్రెయిన్ యుద్ధంలో ఖార్కివ్ నగరంలో హావేరి జిల్లా విద్యార్థి చనిపోయిన వార్త కర్ణాటకలో ఎవరూ మరిచిపోలేదు. కోర్సంతా ఒకే సంస్థలో చదవాలన్న నిబంధన వల్ల మధ్యలో దేశం మారడం మామూలు పరిస్థితిలో కుదరదు. రాజకీయంగా ఆ దేశం ఆరేళ్లు నిలకడగా ఉంటుందా అన్నది కూడా ఫీజుతో సమానంగా తూచవలసిన విషయమే.

ఖర్చు లెక్క డాలర్లలో వేయండి. ఏటా 6,000 డాలర్ల ఫీజు, నెలకు 350 డాలర్ల బస, భోజనం అనుకుంటే ఏడాదికి 10,200. ఆరేళ్లకు 61,200 డాలర్లు. డాలరు 90 రూపాయలైతే 55 లక్షలు దాటింది. విమానం టికెట్లు, వీసా, ఇన్సూరెన్సు ఇందులో లేవు. ఉజ్బెకిస్తాన్ లాంటిచోట ఫీజు ఇందులో సగమే ఉండొచ్చు, మిగతా లెక్క తీరు ఇదే. 2021 చివర్లో డాలరు 75 రూపాయల దగ్గర ఉంది. అప్పుడు 5,000 డాలర్ల ఫీజు అంటే 3.75 లక్షలు, అదే ఫీజు 90 దగ్గర 4.5 లక్షలు. కర్ణాటక ప్రైవేటు సీటు ఏటా 10 నుంచి 12 లక్షలు అనుకున్నా, ఏటా 9 లక్షలు దాటే పై లెక్క పక్కన పెడితే "సగం ఖర్చు" మాట నిలబడదు.

బ్యాంకు లోను తీసుకునేవాళ్లు కాలం లెక్క ఇంకా జాగ్రత్తగా చూడాలి. వాయిదాలకు విరామం సాధారణంగా కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది. 2026లో చేరినవాళ్లు 2032లో తిరిగి వస్తారు. డిసెంబరు విడతలో మొదటిసారే ఎఫ్‌ఎంజీఈ దాటినా, ఇక్కడి ఇంటర్న్‌షిప్ సీటు కోసం ఆగాలి, ఎందుకంటే ఒక్కో మెడికల్ కాలేజీలో వీళ్లకు 7.5 శాతం మించి చోటు ఉండదు. అది పూర్తయి చేతికి రిజిస్ట్రేషన్ వచ్చేసరికి 2034. ఈఎంఐ మొదలయ్యేది 2033లో. స్టైపెండు తప్ప సంపాదన లేని ఆ ఏడాదికి డబ్బు ఎక్కడి నుంచో ముందే పక్కన పెట్టాలి.

మరి ఎవరు వెళ్లొచ్చు? మొత్తం స్కోరు కాకుండా బయాలజీ మార్కులు విడిగా తీయండి. 720లో 360 దానివే. ఫిజిక్స్ దెబ్బకొట్టి బయాలజీలో 250 దాటిన పిల్లకు వైద్య చదువు మీద పట్టు ఉంది. ఆమెకు ముందు ఒక ఏడాది లాంగ్‌టర్మ్ నీట్ కోచింగ్ ఇప్పించడం మేలు. నీట్ అర్హత విదేశీ అడ్మిషన్‌కు 3 ఏళ్లు చెల్లుతుంది కాబట్టి ఆ ఏడాది వల్ల విదేశీ దారి మూసుకుపోదు. "ఈ సీజన్ దాటితే సీటు పోతుంది" అన్న ఒత్తిడికి ఆధారం లేదు. బయాలజీలో కూడా 120 దగ్గర ఆగిన పిల్లవాణ్ని కటాఫ్ దాటాడు కదా అని పంపడం మాత్రం అన్యాయం. ఏ పునాది లేక ఇక్కడ ఆగాడో, ఎఫ్‌ఎంజీఈ ఆరేళ్ల తర్వాత అదే పునాదిని అడుగుతుంది.

వెళ్లాలని నిర్ణయించుకున్నవాళ్లు ఏజెంటు ద్వారా కాకుండా యూనివర్సిటీ అధికారిక ఈమెయిల్ నుంచి లెటర్‌హెడ్ మీద నాలుగు జవాబులు తెప్పించుకోవాలి. ఇంటర్న్‌షిప్ కాకుండా కోర్సు ఎన్ని నెలలు, అన్ని సంవత్సరాలూ ఇంగ్లిష్‌లోనేనా, 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే సంస్థలోనా, విదేశీయుడికి స్థానికుడితో సమానంగా లైసెన్సు అర్హత ఉందా. ఆ లెటరును ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయానికి పంపి నిర్ధారించమనాలి. ఎఫ్‌ఎంజీఈ నిర్వహించే ఎన్‌బీఈఎంఎస్ కాలేజీల వారీ ఫలితాలు ప్రచురించింది. అందులో శాతం కన్నా ముందు రాసినవాళ్ల సంఖ్య చూడండి. ఐదుగురిలో ముగ్గురు పాసైతే అరవై శాతమని బ్రోచర్ గొప్పగా చెబుతుంది. ఫీజు నేరుగా యూనివర్సిటీ ఖాతాకే పంపి స్విఫ్ట్ కాపీ (విదేశానికి డబ్బు పంపినట్టు బ్యాంకు ఇచ్చే రుజువు) దాచుకోండి. "ప్యాకేజీ" పేరుతో కన్సల్టెన్సీ ఖాతాలో పడిన డబ్బుకు రేపు సాక్ష్యం ఉండదు.

మొదటి ఏడాది చివర, రెండో ఏడాది ఫీజు కట్టేముందు, మరొక్కసారి ఆగి చూడండి. అనాటమీలో శవపరిచ్ఛేదం నిజంగా చేయించారా, నమూనాలు, వీడియోలతో సరిపెట్టారా? స్థానిక భాష పాఠాలు సక్రమంగా జరిగాయా? సీనియర్లలో ఎంతమంది ఎఫ్‌ఎంజీఈ దాటారో పేర్లతో చెప్పగలుగుతున్నారా? జవాబులు లేకపోతే వెనక్కి పిలిపించండి. పోయేది తొమ్మిది లక్షల పైచిలుకు, ఒక ఏడాది. చుట్టాలకు ఏం చెప్పాలన్న బెంగతో ఇంకో ఐదేళ్లు కట్టినవాళ్లు అంతకు ఐదింతలు పోగొట్టుకుంటున్నారు.