200 రూపాయలు, రశీదుతో సహా

మందుల కంపెనీల ల్యాబుల్లో జంతువులకు న్యాయం లేదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకు లేదండీ? 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం తీసి చూడండి. ప్రయోగాలను పర్యవేక్షించే కమిటీ పెట్టిన షరతును ఎవరైనా తప్పితే 20వ సెక్షన్ కింద జరిమానా ఉంది. 200 రూపాయల దాకా! జడ్జిగారికి జాలేస్తే నూటయాభైతో కూడా సరిపెట్టొచ్చు. హెల్మెట్ లేకుండా పాల ప్యాకెట్ కోసం సందు చివరికి వెళ్లినవాడికి మాత్రం, 2019లో మార్చిన కేంద్ర చట్టం ప్రకారం, 1000 రూపాయలు. వాడు నరరూప రాక్షసుడు మరి.

పైగా తప్పు సంస్థలో జరిగితే ఆ సంస్థ ఇన్‌చార్జినే దోషిగా లెక్కగడతారట. ఆ దృశ్యం తలుచుకుంటేనే వణుకొస్తోంది. కోట్ల టర్నోవర్ ఉన్న కంపెనీ పెద్దాయన బోనులో నిలబడ్డాడు. పక్కన పేరుమోసిన లాయరు, వెనక ముగ్గురు జూనియర్లు. తీర్పొచ్చింది, 200. పెద్దాయన జేబులు తడుముకున్నాడు, అంత చిల్లర ఆయన దగ్గరెందుకుంటుంది పాపం, డ్రైవర్ని పిలిచారు. డ్రైవరు కట్టిన డబ్బుకి వోచరు పెడితే, ఏ ఖాతాలో రాయాలో తేలక అకౌంట్స్ వాళ్లు 'టీ, బిస్కెట్లు' కింద రాసేశారు, ఆడిటరొచ్చి బిస్కెట్ల బిల్లేదని కూర్చున్నాడు. 2017కి ముందైతే రెండు వంద నోట్లు లెక్కపెట్టాల్సొచ్చేది, ఆ శ్రమ కూడా లేకుండా రిజర్వు బ్యాంకు ఒకటే నోటు అచ్చేసి ఇచ్చింది. ముందువైపు గాంధీగారు, వెనకవైపు సాంచీ స్తూపం. జీవహింసకి జరిమానా కట్టడానికి ఇంతకన్నా తగిన నోటు ఇంకే దేశంలోనైనా ఉందా?

1960లో 200 అంటే డబ్బే, కాదనను. అప్పట్నుంచి పాలు, పెట్రోలు, ఎమ్మెల్యేల జీతాలు అన్నీ పెరిగాయి, ఎలుక నొప్పి ఒక్కటే పాత రేటుకి దొరుకుతోంది.

"నువ్వు బీపీ మాత్ర వేసుకోవా?" అని అడిగేవాళ్లు ఎలాగూ తయారుగా ఉంటారు. వేసుకుంటాను. 1937లో అమెరికాలో ఏ జంతువు మీదా చూడకుండా అమ్మిన సల్ఫనిలమైడ్ టానిక్ తాగి వందమందికి పైగా పోయారని తెలుసు. 2006లో లండన్‌లో టీజీఎన్1412 అనే మందు, మనుషులకిచ్చిన దానికి 500 రెట్ల మోతాదులో ఇచ్చినా కోతులు నిక్షేపంగా ఉన్నాయనీ, అది ఎక్కించుకున్న ఆరుగురు మనుషులూ ఐసీయూలో పడ్డారనీ కూడా తెలుసు. చూడాల్సిన చోట జంతువుల మీద చూడండి. 2023లో మన మందుల రూల్స్ మార్చి, మనిషి కణాలతో, ఆ కణాలు పెంచిన చిన్న చిప్పుల మీద చేసే పరీక్షలకీ దారిచ్చారు, వీలైన చోట అటు పొండి. నా గొడవ అది కాదు.

ఊక పరిచిన ప్లాస్టిక్ పెట్టెలో ఎలుక ఉంటుంది. పొద్దున్నే తోక మీద గీతలు చూసి, బరువు తూచి, మెడ వెనక చర్మం బిగించి పట్టుకుని, కొన గుండ్రంగా ఉన్న సూదిని నోట్లోంచి పొట్టదాకా దించి మందు పోస్తారు. చెయ్యి తిరిగినవాడికి అది క్షణాల పని. తిరగనివాడైతే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. షరతులు పెట్టేది ఇందుకే. ఆపరేషన్ చేసేటప్పుడు నొప్పి తెలియనంత మత్తు ఇచ్చేలా కమిటీ చూడాలని అదే చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. ఆ మత్తుమందు అరలోనే ఉంటుంది, ఒక్కోసారి తయారుచేసేదీ ఆ కంపెనీయే. అయినా అది ఇవ్వకుండా కోస్తే, ఒక ప్రాణి మెలకువగా ఉండి ఆ కోత భరిస్తే, దానికి మీరు కట్టిన ఖరీదు ఒక బిర్యానీ కూడా కాదు! అరవై ఏళ్లు దాటింది, ఎన్ని పార్టీలు వచ్చాయి, ఎన్ని ప్రభుత్వాలు వచ్చాయి, ఒక్కడికైనా ఆ అంకె కంట్లో నలుసులా గుచ్చుకోలేదా? సిగ్గుండాలి.

జరిమానా పెంచితే పరిశోధన ఆగిపోతుందని భయమా? 500 రెట్లు పెంచి చూడండి, లక్ష అవుతుంది. కోతులు తట్టుకున్నాయి, కంపెనీలు తట్టుకోలేవా?