భయం పచ్చసొన మీద, ముప్పు నూనెలో

బేకరీలో ఎగ్‌పఫ్ కొని, కొలెస్ట్రాల్ భయంతో లోపలి గుడ్డులో పచ్చసొన తీసి పక్కన పెట్టేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. మిగతా పఫ్ మాత్రం నిశ్చింతగా తినేస్తారు. నిజానికి అనుమానించాల్సింది సొనకన్నా ముందు దాని చుట్టూ ఉన్న పొరలనే. ఆ పొరలు విడివిడిగా కరకరలాడాలంటే పిండి మడతల మధ్య గట్టి కొవ్వు పూయాలి. ఒకప్పుడు అది వనస్పతి. ఇప్పుడు చాలాచోట్ల పామాయిల్‌తో చేసిన మార్జరిన్.

ఒక సొనలో సుమారు 200 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉన్న మాట నిజమే. కానీ మన రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఒళ్లు సొంతంగా తయారుచేసుకున్నదే. తిండిలో కాస్త ఎక్కువ వస్తే, చాలామందిలో లివర్ తన తయారీ తగ్గించుకుంటుంది. రోజుకు 300 మిల్లీగ్రాములు దాటొద్దన్న పాత పరిమితిని అమెరికా 2015-20 ఆహార మార్గదర్శకాల్లోంచి తీసేశారు కూడా.

సంతృప్త కొవ్వు, అంటే నెయ్యి, పామాయిల్ లాంటి వాటిలో ఎక్కువగా ఉండి త్వరగా గడ్డకట్టే కొవ్వు, సంగతి వేరు. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను, పట్టి లోపలికి లాక్కునే రిసెప్టర్లు లివర్ కణాల మీద ఉంటాయి. వాటిని కనిపెట్టినందుకే శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. సంతృప్త కొవ్వు ఎక్కువైతే ఈ రిసెప్టర్ల పని మందగించి, ఎల్‌డీఎల్ రక్తంలోనే పేరుకుంటుంది.

అందుకే నూనె ప్యాకెట్ల మీద 'జీరో కొలెస్ట్రాల్' అన్న మాట చూస్తే నాకు కోపం వస్తుంది. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, పామాయిల్‌తో సహా. ప్యాకెట్ తిప్పి వెనక పట్టిక చూడండి. వంద గ్రాముల సన్‌ఫ్లవర్ నూనెలో సంతృప్త కొవ్వు 11 గ్రాముల దగ్గర ఉంటే, పామాయిల్‌లో 40 దాటుతుంది. రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు సుమారు 22 గ్రాములు. 50 గ్రాముల పామాయిల్‌తోనే ఆ హద్దు దగ్గరికి వచ్చేస్తాం. పాలు, పెరుగు, మాంసం లెక్క ఇంకా మిగిలే ఉంటుంది. పప్పన్నంలో వేసుకునే ఒక చెంచా నెయ్యి ఇచ్చేది మూడు గ్రాములే. ఇంట్లో గొడవంతా ఆ చెంచా మీదే జరుగుతుంది!

ట్రాన్స్ కొవ్వు, అంటే నూనెను వనస్పతిలా గట్టిపరిచేటప్పుడు పుట్టే కొవ్వు, వీటన్నిటికన్నా చెడ్డది. ఎల్‌డీఎల్‌ను పెంచడమే కాదు, మంచిదనుకునే హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది కూడా. నూనెలు, వనస్పతిలో దాన్ని 2 శాతానికి మించనివ్వకూడదని మన ఆహార భద్రతా సంస్థ 2022 జనవరి నుంచి నిబంధన పెట్టింది. మంచి పని. రోడ్డు పక్కన బజ్జీల మూకుడులో పొద్దుటి నుంచి నల్లగా మరుగుతున్న నూనె దగ్గరికి ఆ నిబంధన ఎంతవరకు చేరిందన్నది వేరే ప్రశ్న.

ఇంకో చిక్కుంది. రిపోర్టు చూసి టెన్షన్‌తో నెయ్యి, నూనె తగ్గిస్తారు, ఆ ఆకలికి ఇంకో రెండు గరిటెల తెల్లన్నం పెట్టుకుంటారు. ఎల్‌డీఎల్ కాస్త దిగొచ్చు, కానీ రక్తంలోని మరో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, పెరుగుతాయి, హెచ్‌డీఎల్ పడిపోతుంది. మన ప్రాంతపు రిపోర్టుల్లో ఈ జోడీ అసలే ఎక్కువ. తగ్గించిన కొవ్వు స్థానంలో ఏం తింటున్నామన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. అక్కడ పల్లీలు, నువ్వులు, చేపలు, పప్పులు చేరితే లాభం.

అయితే తిండి మార్పుతో అందరికీ సరిపోదు. ఎల్‌డీఎల్ డెసీలీటరుకు 190 మిల్లీగ్రాములు దాటినవారిలో కొందరికి అది పుట్టుకతో వచ్చిన లోపం; వాళ్లకు ఆ రిసెప్టర్లే సరిగా పనిచేయవు. వాళ్లు పథ్యం చేస్తూనే డాక్టరు రాసిన మందులూ వాడాలి, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు కూడా ఒకసారి రక్తపరీక్ష చేయించాలి.