ముక్కుది కాదు తప్పు, దూరానిది
సెల్ఫీలు చూసుకుని ఆడపిల్లలు ముఖం బాగాలేదని కుంగిపోతున్నారు, ఫోన్ లాగేసుకోండి అని ఒక వ్యాసంలో రాశారు. మొదటి మాట నిజమే. లాక్కుంటే మాత్రం స్నేహితురాలి ఫోన్‌లో దిగుతారు, అంతే. అసలు కిటుకు కెమెరాకీ ముఖానికీ మధ్య ఉన్న దూరంలో ఉంది. ముఖానికి 30 సెంటీమీటర్లలో కెమెరా పెడితే ముందుకున్న ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కిపోతాయి; ఐదడుగుల నుంచి తీసినదానికంటే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా పడుతుంది. పిల్లకి చెప్పడం కాదు, చూపించాలి: ఫోన్‌ని కంటి ఎత్తులో అల్మరా మీద నిలబెట్టి, వెనక కెమెరా, 2ఎక్స్ జూమ్, టైమర్‌తో ఐదడుగుల నుంచి ఒకటి, చేతిలో పట్టుకుని ఒకటి తీసి పక్కపక్కన పెట్టండి. చర్మాన్ని నునుపుగా చూపించే బ్యూటీ మోడ్‌ని సున్నా చేయడం మరవద్దు. కొన్ని ఫోన్లలో అది ముందే ఆన్ అయి ఉంటుంది, ఆ నునుపుకి అలవాటుపడ్డ కంటికి అద్దంలో మామూలు మొటిమ కూడా కొండంత కనిపిస్తుంది.