రీబూట్ చేసి చూశాం, డేటా ఉంది అంటే సరిపోదు బాబూ

వారం నుంచి ఏ గ్రూపు తెరిచినా అదే ఫార్వర్డ్, "ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ అద్దె సర్వర్లు) బిల్లు సగం చేసుకోండి" అని. ఈబీఎస్ (సర్వర్‌కి నెట్‌వర్క్ మీద తగిలించే విడి డిస్కు) దండగ, ఇన్‌స్టన్స్ స్టోర్ (సర్వర్ నడిచే మిషన్‌లోనే ఉండే డిస్కు) ఫ్రీ, పైగా స్పీడు, రీబూట్ చేసినా డేటా పోదు కాబట్టి డేటాబేస్ అందులోనే పెట్టేయండి, రెండు డిస్కులు రెయిడ్ చేస్తే (రెండిట్లో ఒకే డేటా ఉండేలా జత చేస్తే) బ్యాకప్ అక్కర్లేదు, రాత్రిళ్ళు సర్వర్ స్టాప్ చేయండి. ఇదీ సారాంశం.

ఫ్రీ అంట. ఎమ్5 సర్వర్ రేటు, దానికే ఇన్‌స్టన్స్ స్టోర్ కలిపిన ఎమ్5డీ రేటు పక్కపక్కన పెట్టి చూడండి, ఆ చివరి డీకే కడుతున్నాం డబ్బులు. స్పీడు నిజమే, గొడవ లేదు. కాకపోతే ఈబీఎస్‌లో జీపీ3 రకం ఎంత చిన్నది తీసుకున్నా 3000 ఐఓపీఎస్ (సెకనుకి అన్నిసార్లు చదవడం, రాయడం) ఇస్తుంది, మనలో చాలామంది డేటాబేస్‌లు అదే పూర్తిగా వాడవు.

అసలు కొంప ముంచేది రీబూట్ మాట. రీబూట్‌కి డేటా ఉంటుంది, అందుకే ఇది ఇంత ప్రమాదం, టెస్ట్ చేసినవాడు రీబూట్ కొట్టి "ఉంది కదా" అని వెళ్ళిపోతాడు. రీబూట్ అంటే అదే మిషన్ మీద మళ్ళీ లేవడం. స్టాప్, హైబర్నేట్, టెర్మినేట్, లేదా కింద డిస్కు పాడవడం, వీటిలో ఏది జరిగినా డేటా పోయినట్టే. ఇప్పుడు చివరి సలహా మళ్ళీ చదవండి, రాత్రిళ్ళు స్టాప్ చేయమంటున్నాడు! అంటే పగలంతా ఆర్డర్లన్నీ అందులో దాచి, రాత్రి మన చేత్తో మనమే చెరిపేసుకుని, పొద్దున్నే ఖాళీ డిస్కుకి దండం పెట్టుకోవాలన్నమాట. బిల్లు తగ్గడం మాత్రం ఖాయం, కస్టమర్లే మిగలరు కాబట్టి.

రెయిడ్ అంట. రెండు డిస్కులూ ఆ మిషన్‌లోనే ఉన్నాయి నాయనా, స్టాప్ కొడితే కలిసే పోతాయి. ఈబీఎస్‌కి తీసినట్టు స్నాప్‌షాట్ (డిస్కుకి ఆ క్షణం కాపీ) తీద్దామన్నా దీనికి కుదరదు.

అయితే దండగ అన్నదాంట్లో విషయం ఉంది, ఒప్పుకుంటా. సర్వర్ ఆపినా ఈబీఎస్ బిల్లు ఆగదు, సర్వర్ తీసేశాక కూడా విడిగా తగిలించిన వాల్యూమ్‌లు (ఈబీఎస్ డిస్కులు) అలాగే పడుండి నెలనెలా డబ్బులు తింటుంటాయి. క్యాష్‌లు, టెంప్ ఫైళ్ళు, మూడు నోడ్స్‌లో (వేర్వేరు సర్వర్లలో) కాపీలుండే కసాండ్రా లాంటి డేటాబేస్‌లకి ఇన్‌స్టన్స్ స్టోరే కరెక్టు. ఈబీఎస్ కూడా చిరంజీవేం కాదు, జీపీ3 వాల్యూమ్‌లు ఏడాదికి వెయ్యికి ఒకటో రెండో పోతాయనే లెక్క ఏడబ్ల్యూఎస్ వాళ్ళే ఇస్తారు, ఉండేదీ ఒక్క జోన్‌లోనే (ఒకే చోటి డేటాసెంటర్లలో), స్నాప్‌షాట్ తీయాల్సిందే.

ఇప్పటికే మార్చేసినవాళ్ళుంటే ముందు ఆ రాత్రి స్టాప్ షెడ్యూల్ తీసేయండి, సర్వర్ నడుస్తుండగానే డేటాబేస్ డంప్ (పూర్తి కాపీ) తీసి ఎస్3లోకి (ఏడబ్ల్యూఎస్ ఫైళ్ళు దాచే చోటికి) పంపండి, మిగతా వాదన తర్వాత చేసుకుందాం.