నలభై రూపాయల మహారాజశ్రీ గారికి

మహారాజశ్రీ హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ గారి దివ్యసముఖానికి,

అనేక నమస్కారాలు. ఉభయకుశలోపరి.

తమరు మా అటక మీద, మూతలేని కుక్కరుకూ జిప్పు ఊడిన సూట్‌కేసుకూ మధ్య క్షేమంగా ఉంటుండగా, నిన్న ఆదివారం మధ్యాహ్నం నిద్రాభంగం చేసినందుకు మన్నించాలి. నా అంతట నేను చేసిన పని కాదు. వీధిలో పాత సామాన్లు కొనే కుర్రవాడి మైకు మోగింది. మా ఆవిడ నిచ్చెన తెచ్చి వేసింది. ఆ తర్వాత జరిగిన అవమానం తమరూ కళ్ళారా చూశారు.

అతడు తమరిని రెండు చేతులతో ఎత్తి, కొబ్బరికాయను ఊపినట్టు ఊపి, "ఇందులో ఏమీ లేదు సార్. రేకూ ప్లాస్టిక్కూ. నలభై రూపాయలు" అన్నాడు. తమరి పక్కన నల్లటి ఇటుకలా పడి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రం ఎంతో గౌరవంగా చూశాడు. అమెరికా కరెంటుకు పుట్టిన తమరు ఇక్కడి 230 వోల్టులకు మాడిపోతారని కోఠి గుజరాతీ గల్లీలో నేను కొన్న సేవకుడది. "దీనికి మూడు వందలిస్తాను. లోపల రాగి ఉంది." బోయీకి మూడు వందలు, పల్లకీలో కూర్చున్న దొరగారికి నలభై.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. 2008 జనవరిలో మొదలైన తమరి ధర తగ్గింపు ఇంతవరకూ ఆగనే లేదు. మాట మీద నిలబడ్డారు.

నలభై అనేసరికి నాకు పౌరుషం వచ్చింది. మామూలు డీవీడీని మించిన స్పష్టతతో సినిమా చూపించడానికి పుట్టిన తమరి వంశం అతడికి తెలియదు గదా! పని చేసి చూపిస్తే కనీసం వందయినా అంటాడనుకున్నాను. టీవీ వెనక దూరి తీగలు కలిపాను. తమరు మేలుకోవడం మొదలుపెట్టారు. ఈ మేలుకోవడం గురించి తమరిని కొత్తగా నిందించను. మీట నొక్కాక తెర మీద బొమ్మ పడేలోపు కాఫీకి డికాక్షను దిగుతుందని అప్పట్లోనే కొలిచి చూశాను. కుర్రవాడు మెట్టు మీద కూర్చుని ఫోను తీసి క్రికెట్టు పెట్టుకున్నాడు. అది వెంటనే వచ్చింది, హెచ్‌డీలో.

తమరి కోసమే చేసిన హెచ్‌డీ డీవీడీ సినిమా ఎర్ర పెట్టె తెరిచి డిస్కు వేశాను. గీత లేదు, వేలిముద్ర లేదు, అద్దంలా ఉంది. తమరు గరగరమని రెండుసార్లు గొంతు సవరించుకుని, చదవలేనన్నారు. మరొకటి వేశాను. అదీ అంతే. ఆ కాలపు డిస్కుల్లో కొన్నిటికి లోపలి పొర తనంతట తనే చెడిపోతుందట. పైకి నిగనిగలాడుతూ లోపల కుళ్ళిన వంకాయ అన్నమాట. సరే, పోనివ్వండి. రెండింటికి మొదలైన ఈ సేవ నాలుగున్నర దాకా సాగింది. అదీ పోనివ్వండి.

నేను పోనివ్వలేనిది ఆ ధర చీటీ.

2006 ఏప్రిల్‌లో తమరి పెద్దన్నగారు అమెరికా దుకాణాల్లోకి వచ్చినప్పుడు వెల 499 డాలర్లు. న్యూజెర్సీలో ముగ్గురం ఒక ఇంటి అద్దె పంచుకుంటున్న రోజులు. అద్దాల అవతలి నుంచి దణ్ణం పెట్టి వచ్చేశాను. 2007 నవంబరు మొదట్లో మీ రెండో అన్నగారు ఏ2 మోడల్‌ను ఒక పెద్ద దుకాణాల సంస్థ 98 డాలర్ల 87 సెంట్లకు అమ్మింది. ఆ రోజు నేను ఆఫీసులో ఉన్నాను. సాయంత్రం వెళ్తే అరలో ధర చీటీ ఒక్కటే మిగిలింది. ఆ దెబ్బ ఎక్కడో లోపల ఉండిపోయింది. తమరు నా ఇంటికి రావడానికి విత్తనం అక్కడ పడింది.

2008 జనవరి 4న హాలీవుడ్ సినిమాలు తీసే వార్నర్ బ్రదర్స్ వారు, మే నెల దాటాక తమ సినిమాలు తమరి ప్రత్యర్థి డిస్కు బ్లూ-రేలో తప్ప రావని ప్రకటించారు. లాస్ వేగాస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో తమరి పక్షం పెట్టుకున్న విలేకరుల సమావేశం రద్దయింది. పెళ్ళివారు విడిదిలోంచే వెనక్కి తిరిగిపోయారు. నేనా వార్తలు చదవలేదని కాదు. చదివాను. చదివే కొన్నాను. ఎందుకంటే ఆ తర్వాత పది రోజులకు, సరిగ్గా మన సంక్రాంతి రోజుల్లో, పాత సామాను భోగిమంటలో వేసే వేళకు, తమరి ధర సగానికి పడింది. ఏ3 గారు, మూడు వందల డాలర్ల తమరు, నూటయాభైకి! పైగా అయిదు సినిమాలు ఉచితం.

ధర తగ్గడం తప్పని నేననను. ఆషాఢంలో చీరల ధర తగ్గుతుంది. ఎందుకు తగ్గిందో కొనే ఇల్లాలికి తెలుసు, అమ్మే గుమాస్తాకు తెలుసు, దుకాణం ముందు చల్లటి మజ్జిగ పోసేవాడికి కూడా తెలుసు. పెళ్ళిళ్ళు లేని నెల అది. కొనుక్కుని బీరువాలో పెడితే శ్రావణంలో కట్టుకోవచ్చు. తమరికి శ్రావణం రాదని చీటీ మీద ఎవరూ రాయలేదు. రైతు బజారులో చీకటి పడే వేళకు టమాటా కిలో సగం ధరకు వస్తుంది. ఆ అమ్మే మనిషి దాపరికం లేకుండా "ఇవాళే వండుకో బాబూ, రేపటికి ఉండవు" అంటుంది. ఆ ఒక్క మాట చాలు. నేను పచ్చడికని కొంటాను, ఇంటికెళ్ళి ఆ రాత్రే పొయ్యి మీద పెడతాను. తమరి చీటీ మీద మాత్రం పసుపు రంగు నక్షత్రం, దాని మధ్య పండగ అక్షరాలు. అంతిమయాత్రకు బ్యాండుమేళం కట్టి, అది ఊరేగింపని నన్ను నమ్మించి, ముందు నడిపించారు. నేనూ నడిచాను, చిందులేస్తూ.

జనవరి 19, శనివారం. మంచు పడుతోంది. డబ్బాను ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇంటికి తెచ్చాను. 299లోంచి 149 తీసివేస్తే ఎంతో దారంతా లెక్కవేసుకున్నాను. నూటయాభై డాలర్లు మిగిలాయి. ఆ మిగిలిన సొమ్ము ఏ బ్యాంకులో ఉందో నేటికీ ఆచూకీ లేదు.

ఫిబ్రవరి 3న, అమెరికా అంతా టీవీ ముందు కూర్చునే ఫుట్‌బాల్ పోటీలో తమరి ప్రకటన వచ్చింది. ముప్పై సెకన్లు. చూశావా నా తెలివి అని గదిలో అందరి ముఖాలూ చూశాను. 11న, అప్పట్లో డిస్కులు అద్దెకిచ్చే నెట్‌ఫ్లిక్స్ వారు తమరి డిస్కులు ఇక కొనబోమన్నారు. 15న దేశంలోకెల్లా పెద్ద దుకాణాల సంస్థ కూడా బ్లూ-రే ఒక్కటే చాలన్నది. 19న టోక్యోలో తమరిని కన్న తోషిబా సంస్థే తమరికి నీళ్ళు వదిలింది. టీవీలో తమరి ప్రకటన వచ్చిన పదహారో రోజది. నేను కొన్న సరిగ్గా నెల రోజులకు.

శనివారం డబ్బా పట్టుకుని దుకాణానికి పరుగెత్తాను. రసీదు మీద గడువు ముప్పై రోజులు. నాది ముప్పై అయిదో రోజు. కౌంటరు దగ్గరి పిల్ల మంచిది, పై అధికారిని అడుగుతానంది. డబ్బాను అటూ ఇటూ తిప్పింది. వెనక వైపు అగ్గిపెట్టెంత కిటికీ. అందులోంచి తను నన్ను చూసింది, నేను తనను చూశాను. అయిదు సినిమాలు ఉచితంగా పంపాలంటే డబ్బా మీది బార్‌కోడ్ గీతల ముక్కను కత్తిరించి, రసీదు నకలుతో పోస్టు చేయాలన్నారు గదా! కొన్న రాత్రే కత్తెర తీసుకుని, పుట్టుమచ్చ తీసే వైద్యుడిలా ఒద్దికగా కోశాను. కోసిన డబ్బాను వెనక్కి తీసుకోరు. అంటే నా చేతులతోనే నా దారి మూయించావన్నమాట. ఉచితమన్న ఆ ముక్క కోయించడానికేనా నువ్వు అంత తియ్యగా పిలిచింది? చవకన్నావు, ఉచితమన్నావు, నెల తిరగకుండా చచ్చిపోయావు, చస్తూ చస్తూ నా చేతిలో కత్తెర పెట్టావు! మీరు మీరని ఇంతసేపు అన్నాను. చాలు.

ఆ అయిదు సినిమాలు పన్నెండు వారాల తర్వాత వచ్చాయి. అప్పటికి నీ మాసికాల్లో మూడోది కూడా అయిపోయింది. వాటిలో రెండు నేను అడిగినవి కావు.

గదిలో స్నేహితుడు సోనీ ఆటల పెట్టె కొన్నాడు. అందులో బ్లూ-రే ఉంది. బీటామాక్స్‌తో వీడియో క్యాసెట్ల కాలంలో ఒకసారి పరువు పోగొట్టుకున్న సోనీ ఈసారి ఆటబొమ్మలో దూరి ఇళ్ళలోకి వచ్చింది. నీకూ వాడికీ లోపల వెలిగేది ఒకే నీలి లేజరు, 405 నానోమీటర్లు. ఆ రంగును పేరుగా పెట్టుకునే తెలివి వాళ్ళకుంది. నీ పేరు డీవీడీకి సవతి తమ్ముడి పేరులా ఉంది. వాడి డిస్కులో 50 గిగాబైట్లు పడితే నీ డిస్కులో 30. "అన్నం గిన్నె చిన్నదైతే కూర తక్కువ చాలుతుంది" అని నీ తరఫున వాదించాను కూడా. అంత దూరం దిగజారాను. మరుసటి ఏడాదే నిన్ను కన్న సంస్థ వెళ్ళి బ్లూ-రే వాళ్ళ పంక్తిలో కూర్చుంది. నీ తరఫున వాదించేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

అయినా నిన్ను ఎందుకు మోసుకొచ్చానని మా ఆవిడ అడుగుతుంది. సముద్రం దాటి, కస్టమ్స్ దాటి.

మామూలు డీవీడీలు నువ్వు బాగా చూపించేవాడివి. కిరాణా కొట్టులో బియ్యం బస్తాల పక్కన అద్దెకిచ్చే తెలుగు సినిమాలు, పదిమంది చేతులు మారి చక్రాల్లా గీతలు పడ్డవి, నీలో వేస్తే పెద్ద టీవీ మీద కొత్తవాటిలా వెలిగేవి. 2009లో అమ్మ ఆరు నెలలుండి వెళ్ళింది. బయట చలి, లోపల నువ్వు. ఒక మధ్యాహ్నం "దీన్ని ఎంతకు కొన్నావురా?" అంది. అసలు ధర మూడు వందలు, నూటయాభైకి వచ్చిందన్నాను. "సగానికి సగం మిగిల్చావు, మీ నాన్నకు ఏనాడైనా బేరం చేతనయిందా?" అని నాన్న లేని చోట మెచ్చుకుంది. ఆ కొనుగోలుకు నాకు దక్కిన ప్రశంస అదొక్కటే. మిగతా కథ చెప్పలేదు.

నిన్న కూడా, ఎర్ర పెట్టెలన్నీ ఎదురు తిరిగాక, సూట్‌కేసు అడుగున దొరికిన ఒక డీవీడీ వేశాను. కిరాణా కొట్టు చీటీ ఇంకా దాని మీద ఉంది, తిరిగి ఇవ్వడం మరిచిపోయానన్నమాట. రిమోట్ లేక ముందున్న మీటలే నొక్కాను. వెంటనే ఆడింది. మా ఆవిడ గరిటెతో వచ్చి పది నిమిషాలు నిలబడే చూసింది. కుర్రవాడు కూడా క్రికెట్టు ఆపి గడప దాకా వచ్చాడు.

"బాగానే ఉంది సార్," అన్నాడు. "రిమోట్ ఉంటే యాభై ఇస్తాను."

ట్రాన్స్‌ఫార్మర్‌ను అప్పుడే తూచి తీసుకెళ్ళాడు. మూడు వందలు మా ఆవిడ కొంగున చేరాయి. ఇక తమరు వెలిగే ఆశ లేదు. అతడు వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానన్నాడు. నలభై ఎక్కడ, యాభై ఎక్కడ! నిన్నటి నుంచి అటక మీద ఒక్కో పెట్టే దించుతున్నాను. ఇంకా రెండున్నాయి. రిమోట్ వాటిలోనే ఉండాలి. అందుచేత ఉత్తరం ఇంతటితో ముగిస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడైన కొనుగోలుదారు