ఆకారం కుదిరితే ఎలక్ట్రాన్ కదిలినట్టు కాదు

ప్రొటీన్ డిజైన్‌కు 2024 నోబెల్ వచ్చాక ఒక మాట బాగా షేర్ అవుతోంది: "ఎలక్ట్రాన్లు మోసే ప్రొటీన్ కావాలా? ఏఐ వచ్చాకే ఇది సాధ్యమైంది, దానికి చెబితే చాలు. ఆకారం కుదిరితే పని కుదిరినట్టే. హీమ్ (రక్తానికి ఎరుపునిచ్చే, ఇనుము ఉన్న అణువు) కలిపాక ఎర్రబడితే పనిచేస్తున్నట్టే." ఆ నోబెల్ అందుకున్న డేవిడ్ బేకర్, హసాబిస్, జంపర్ సాధించింది నిజంగా గొప్ప విషయం. ఈ మూడు మాటలు మాత్రం నిలవవు.

ఏఐతోనే ఇది సాధ్యమైందన్నది తప్పు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డటన్ బృందం నాలుగు హెలిక్సుల (స్ప్రింగులా చుట్టుకున్న ప్రొటీన్ ముక్కల) కట్టలో హిస్టిడీన్ అనే అమైనో ఆమ్లాలతో హీమ్‌లను నిలబెట్టింది 1994లోనే.

రెండోది ఆకారం. సూడోమోనాస్ బ్యాక్టీరియాలో ఉండే రాగి ప్రొటీన్ అజురిన్‌ను తీసుకోండి. యీ లూ బృందం 2016లో ఐదే మార్పులతో, రాగి, నికెల్ అనే రెండు లోహాలతో దాని రెడాక్స్ పొటెన్షియల్‌ను, అంటే ఎలక్ట్రాన్‌ను లాక్కునే బలాన్ని, +970 నుంచి −954 మిల్లీవోల్టుల దాకా జరిపింది. మడత మారలేదు. ఒక కొసన ఎలక్ట్రాన్‌ను లాక్కునేదే, ఇంకో కొసన వదిలించుకోజూస్తుంది!

దూరం సంగతి ఇంకా కఠినం. మోసర్, డటన్ సూత్రం ప్రకారం రెండు కోఫ్యాక్టర్ల (హీమ్ లాంటి, ఎలక్ట్రాన్‌ను పట్టే అణువుల) అంచుల మధ్య ప్రతి 1.7 ఆంగ్‌స్ట్రాములకూ వేగం పదో వంతుకు పడిపోతుంది. శక్తి తేడా సున్నా, రీఆర్గనైజేషన్ ఎనర్జీ (ఎలక్ట్రాన్ దూకేటప్పుడు చుట్టూ ఉన్న అణువులు సర్దుకోవడానికి పట్టే శక్తి) 0.7 ఎలక్ట్రాన్ వోల్టులు అనుకుంటే, 14 ఆంగ్‌స్ట్రాముల దగ్గర సెకనుకు సుమారు 40,000 సార్లు దూకే ఎలక్ట్రాన్, 20 దగ్గర పదిసార్లే దూకుతుంది. హెలిక్స్‌లో ఒక చుట్టు 5.4 ఆంగ్‌స్ట్రాములు. హీమ్‌ను పట్టే హిస్టిడీన్‌ను ఒక చుట్టు అవతల పెడితే కొంప మునిగేది ఇక్కడే.

ఇక రంగు. ఎక్కువమంది మోసపోయేది దీనితోనే. ప్రొటీన్‌ను శుద్ధి చేసే నికెల్ కాలమ్ కోసం తగిలించిన 6 హిస్టిడీన్ల తోక కూడా హీమ్‌ను పట్టేస్తుంది. టీఈవీ ప్రోటియేజ్ అనే ఎంజైమ్‌తో తోక కోసేశాకే టైట్రేషన్ (హీమ్‌ను కొంచెం కొంచెంగా కలుపుతూ కొలవడం) చేయాలి. హీమిన్‌ను (ఇందుకు వాడే హీమ్ రూపాన్ని) డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో అప్పటికప్పుడు కరిగించుకోవాలి. నీళ్లలో అయితే గుంపు కడుతుంది. 10 మైక్రోమోలార్ ప్రొటీన్‌కు పదో వంతు చొప్పున కలుపుతూ, ప్రతిసారీ పది నిమిషాలు ఆగి, 412 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణను కొలవాలి. ఒకే హీమ్ పట్టే డిజైన్‌కు గీత 1:1 దగ్గర ఠక్కున విరగాలి. మెల్లగా వంగితే పట్టు వదులని అర్థం. హీమ్‌ను పట్టే హిస్టిడీన్‌ను అలనీన్ అనే వేరే అమైనో ఆమ్లంగా మార్చిన జోడీ ప్రొటీన్‌నూ పక్కనే పరీక్షించాలి.

ఎలక్ట్రాన్లు ఇచ్చే రసాయనం డైథయోనైట్ వేయగానే శోషణలో 412 శిఖరం 427కి జరిగి, 559 దగ్గర పట్టీ లేస్తుంది. హీమ్‌కు ఎలక్ట్రాన్ అందిందని మాత్రమే దాని అర్థం. ఇంకో ప్రొటీన్‌కు ఇస్తుందా అన్నది వేరే పరీక్ష. ఆక్సిజన్ లేని గ్లవ్‌బాక్స్‌లో, చిన్న అణువులను వేరుచేసే డీసాల్టింగ్ కాలమ్‌తో మిగులు డైథయోనైట్‌ను తీసేయాలి. లేకుంటే మన పరీక్షలో ఎలక్ట్రాన్‌ను అందుకోవాల్సిన ప్రొటీన్ సైటోక్రోమ్ సీని అదే నేరుగా క్షయకరిస్తుంది, అంటే ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది. తర్వాత స్టాప్డ్ ఫ్లోలో (రెండు ద్రావణాలను క్షణంలో కలిపి కొలిచే పరికరంలో) ఆక్సిడైజ్డ్, అంటే ఎలక్ట్రాన్ కోల్పోయిన, సైటోక్రోమ్ సీతో కలిపి 550 నానోమీటర్ల దగ్గర వేగం చూడాలి. సైటోక్రోమ్ సీది ధనావేశం కాబట్టి, మన ప్రొటీన్ ముఖాన్ని ఋణావేశంతో కట్టి ఉంటే ఉప్పు పెంచినకొద్దీ ఆ ఆకర్షణ బలహీనపడి వేగం తగ్గాలి. తగ్గలేదంటే, ఆ రెండూ మనం గీసిన చోట కలవడం లేదేమోనని అనుమానించాలి.